హోమ్ థియేటర్: పాటలు దద్దరిల్లుతాయి.. డైలాగులే వినిపించవు! సెంటర్ స్పీకర్ సరిగ్గా ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి

ఫైట్ రాగానే కిటికీ అద్దాలు అదురుతాయి. తండ్రీ కొడుకులు మెల్లగా మాట్లాడుకునే సీన్ రాగానే నాన్నమ్మ "ఏమన్నాడ్రా?" అని అడుగుతుంది. సౌండ్ పెంచుతారు.. మళ్లీ ఫైట్ రాగానే కంగారుగా తగ్గిస్తారు. ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలోనూ, కొల్లేటి లంక గ్రామాల్లోనూ హోమ్ థియేటర్ ఉన్న చోట ఈ తంతు మామూలే. తప్పు సినిమాది అనుకుంటాం. చాలాసార్లు అసలు సమస్య టీవీ కింద ఉన్న ఆ ఒక్క డబ్బాదే.

5.1 అంటే ముందు ఎడమ, కుడి, మధ్యలో సెంటర్, వెనక రెండు, ఒక సబ్‌వూఫర్. సినిమాలో మాటలు ఎక్కువ భాగం సెంటర్ నుంచే వస్తాయి. పాటలు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మిగతావాటికి పంచుతారు. అందుకే సెంటర్ బలహీనమైతే పాట బాగుంటుంది, మాట పోతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1933 ఏప్రిల్ 27న అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు ఫిలడెల్ఫియాలో వాయించిన ఆర్కెస్ట్రాను ఫోన్ లైన్ల మీద వాషింగ్టన్‌కు పంపి, ఎడమ, మధ్య, కుడి.. మూడు చానళ్లలో వినిపించారు. రెండే పెడితే సరిగ్గా నడిమధ్యలో కూర్చున్నవాడికే మాట తెర మీంచి వచ్చినట్టుంటుంది. పక్కకు జరిగితే దగ్గరున్న స్పీకర్ వైపు లాగేస్తుంది. మన హాళ్లలో నడిమధ్యన కూర్చునేది ఎందరు? సోఫాలో ఇద్దరు, దివాన్ మీద ఒకరు, పిల్లలు కింద, తాతయ్య ఓ మూల పడక కుర్చీలో. సెంటర్ స్పీకర్ అవసరం మనకే ఎక్కువ.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందున్న ఎడమ, కుడి స్పీకర్లు ఏ కంపెనీవో, ఏ సిరీస్‌వో.. సెంటర్ కూడా అదే సిరీస్‌లో తీసుకోవడం మంచిది. లేదంటే హీరో తెర మీద ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడితే మధ్యలోకి వచ్చేసరికి గొంతే మారిపోతుంది.

రెండోది, షాపులో ఎవరూ చెప్పనిది. అడ్డంగా పొడుగ్గా ఉండి, అటో వూఫర్, ఇటో వూఫర్, మధ్యలో చిన్న ట్వీటర్ ఉండే డిజైన్ చూడ్డానికి బాగుంటుంది. కానీ పక్కన కూర్చున్నవారికి రెండు వూఫర్ల శబ్దం వేర్వేరు దూరాల నుంచి వచ్చి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మాట పలచబడిపోతుంది. హాలు వెడల్పుగా ఉంటే మధ్యలో ట్వీటర్ పైన, దాని కింద చిన్న మిడ్ స్పీకర్ ఉండే త్రీ-వే మోడల్ అడగండి. బడ్జెట్ లేదా? ఎడమ, కుడి పెట్టిన లాంటి బుక్‌షెల్ఫ్ స్పీకరే ఇంకొకటి నిలబెట్టి సెంటర్‌గా వాడొచ్చు. చూపుకు అంత సోకుగా ఉండదు, వినడానికి మాత్రం చాలా మోడళ్ల కంటే నయం.

సౌండ్‌బార్ కొనేవాళ్లు డబ్బా మీద అంకె చూడండి. 2.1 అయితే సెంటర్ చానల్ లేనట్టే. 3.1 అయితే ఉంటుంది.

షాపులో డెమో అంటే బాంబులు పేలే సీనే వేస్తారు. మీరు మాత్రం న్యూస్ బులెటిన్ పెట్టించండి.. ఇది మా సొంత డబ్బా కాదు! ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు తక్కువ సౌండ్‌లో వింటే స్పీకర్ ఎంతో అక్కడే తెలిసిపోతుంది. స, ష, త, క లాంటి అక్షరాలు విడివిడిగా తెలియాలి. వయసు పెరిగేకొద్దీ ముందు తగ్గేది ఈ సన్నటి శబ్దాల వినికిడే. పెద్దవాళ్లున్న ఇల్లయితే వాళ్లనే తీసుకెళ్లి వినిపించండి. మంచి స్పీకర్ పెట్టినా, ఎదురుగా మాట్లాడినా అర్థం కావడం లేదంటే చూపించాల్సింది ఈఎన్‌టీ డాక్టర్‌కి.

ఎక్కడ పెట్టాలి?

టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేయడమే అందరూ చేసే పని. అర గోడలకు తగిలి గొంతు కుండలోంచి మాట్లాడినట్టు వస్తుంది. స్పీకర్‌ని అర అంచు దాకా ముందుకు లాగండి. సోఫాలో కూర్చుంటే చెవి నేలకు మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. స్పీకర్ అంతకంటే కిందే ఉంటుంది కాబట్టి ముందు భాగం కింద రబ్బరు ముక్క పెట్టి, ట్వీటర్ ముఖాల వైపు చూసేలా కొంచెం పైకి వంచండి. పైసా ఖర్చు లేదు, తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక గ్రానైట్, టైల్స్ నేల, ఖాళీ గోడలు, పైన స్లాబ్. మాట ఒకసారి నేరుగా, వెంటనే నేలకు, గోడకు తగిలి మళ్లీ వస్తుంది. రెండూ కలిసి గజిబిజి. దీనికి మందు ఊళ్లోనే ఉంది. ఉన్నితో నేసే తివాచీలకు ఏలూరు పెట్టింది పేరు. టీవీకి, సోఫాకి మధ్య మందపాటి తివాచీ ఒకటి, కిటికీలకు దళసరి కర్టెన్లు వేస్తే సగం గోల తగ్గుతుంది. స్పీకర్ మార్చే ముందు ఇది చేసి చూడండి.

సెట్టింగుల్లో దొరికే తప్పులు

టీవీ నుంచి రిసీవర్‌కి ఏఆర్‌సీ కేబుల్ వేసి, టీవీ ఆడియో అవుట్‌పుట్ పీసీఎంలో వదిలేస్తే చాలా టీవీలు రెండు చానళ్లే పంపుతాయి. రిసీవర్ స్టీరియో మోడ్‌లో ఉంటే సెంటర్ మూగబోతుంది. బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూ పెట్టండి. యూట్యూబ్ లాంటి స్టీరియో వీడియోలకు రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్ వేస్తే మాటలు మధ్యకు వస్తాయి.

సెంటర్‌ని 'స్మాల్' అని పెట్టి క్రాస్‌ఓవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. బరువైన శబ్దం సబ్‌వూఫర్ చూసుకుంటుంది, సెంటర్ మాటల మీదే ఉంటుంది. బాగా చిన్న స్పీకరైతే 100 లేదా 120. ఆటో సెటప్ మైకు ఉంటే చెవి ఎత్తులో పెట్టి, సీలింగ్ ఫ్యాన్, ఏసీ ఆపి రన్ చేయండి. మైకు లేకపోతే టెస్ట్ టోన్ వేసి, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో అన్ని స్పీకర్లూ ఒకే అంకె చూపేలా సరిచేసుకోండి. ఆ తర్వాత కూడా మాట తక్కువనిపిస్తే సెంటర్ ఒక్కటే 2 డెసిబెల్స్ పెంచొచ్చు. రాత్రిళ్లు నైట్ మోడ్ ఆన్ చేస్తే ఫైట్‌కీ, మాటకీ ఉన్న తేడా తగ్గుతుంది. చెరువుగట్టు పక్క ఇళ్లలో ఏరేటర్ల హోరు మధ్య సినిమా చూసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

వైరు ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకే వెళ్లిందా? సెంటర్‌కి తిరగబడితే ముందు స్పీకర్లతో కలవక శబ్దం బోలుగా అనిపిస్తుంది. హాలుకి 16 గేజ్ అసలైన రాగి వైరు సరిపోతుంది. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు కూడా రాగి పేరుతో అమ్ముతుంటారు, కొస గీకి చూడండి.

కైకలూరు, ఆకివీడు వైపు గాలిలో తేమ ఎక్కువ. వైరు కొసలు పచ్చగా చిలుం పడితే శబ్దం చిటపటలాడుతుంది. వానాకాలం అయ్యాక కొసలు కత్తిరించి కొత్తగా బిగించండి. స్పీకర్‌ని తడి గోడకు ఆనించకండి, చెక్క డబ్బా ఉబ్బుతుంది. పిడుగులు పడే సాయంత్రాల్లో స్పైక్ గార్డ్ ఉందిలే అనుకోకుండా ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ కూడా పీకేయండి.