కొత్త బ్రేకు సామాను తుప్పు పట్టకుండ నిలువ చేయుట

ట్రాక్టరుగల రైతులు పలువురు పత్తి ఏరుట, వరికోత ప్రారంభము కాకముందే వరంగల్లు, హనుమకొండ అంగళ్ళలో బ్రేకు డ్రమ్ములు, షూలు, రబ్బరు వాషర్లు కొని ఇంట ఉంచుకొనుచున్నారు. పని మధ్యలో బండి ఆగకుండుటకు ఇది మంచి పద్ధతియే. కాని రెండు వానాకాలములు అటుకమీద పడియున్న సామానును కొత్తదని నమ్మరాదు. బండికి ఎక్కకముందే అది చెడియుండవచ్చును. ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రములకు వేరువేరు బ్రేకులు గలవు. ఒకవైపు పట్టి రెండవవైపు పట్టనిచో బండి రోడ్డుమీద ఒక్కసారిగా పక్కకు తిరుగును. వెనుక నిండు ట్రాలీ ఉన్నప్పుడు ప్రాణములకే ముప్పు.

తుప్పు ఎందుకు పట్టును?

ఇనుమునకు గాలి, తేమ రెండును తగిలినపుడు తుప్పు పుట్టును. గాలిలో తేమ సుమారు 60 శాతము దాటినచో అది త్వరగా పెరుగును. జూన్ నుండి సెప్టెంబరు వరకు మన ప్రాంతమున తేమ సాధారణముగా ఇంతకంటె ఎక్కువే. భూపాలపల్లి జిల్లాలో అడవి, గోదావరి తీరపు గ్రామములలో మరింత జాగ్రత్త అవసరము. జనగామ వైపు వర్షము తక్కువే అయినను నిర్లక్ష్యము పనికిరాదు. రేకుల కొట్టము పగలు కాగి రాత్రి చల్లబడును. అప్పుడు చల్లని ఇనుముపై తేమ చెమ్మగా దిగును.

ఉప్పు తగిలిన ఇనుము ఇంకను త్వరగా చెడును. పొటాషు ఎరువులోని క్లోరైడు, యూరియా పీల్చుకొను తేమ, బ్యాటరీనుండి వచ్చు ఆమ్లపు ఆవిరి, చేతి చెమట కూడ తుప్పునకు కారణములు. కావున ఎరువు బస్తాలున్న గదిలోను, పశువుల కొట్టములోను ఈ సామానును ఉంచరాదు. ఖాళీ ఎరువు సంచిలో చుట్టి పెట్టుట అన్నిటికంటె చెడ్డ అలవాటు.

ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పద్ధతి

అన్నిటికిని నూనె పూసి ఒకే పెట్టెలో వేయుట పెద్ద పొరపాటు. ఇనుమును కాపాడు నూనెయే లైనరును, రబ్బరును చెరచును.

1. డ్రమ్ములు, డిస్కులు: కంపెనీ కట్టిన కట్టును విప్పరాదు. విప్పినచో పొడిగుడ్డతో తుడిచి, తుప్పునిరోధక నూనెను పలుచగా పూసి, వి.సి.ఐ. కాగితములో చుట్టి, మందమైన ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచవలెను. ఈ కాగితమునుండి వెలువడు ఆవిరి ఇనుముపై పలుచని పొరగా ఏర్పడి తుప్పును ఆపును. ముసురు పట్టిన దినమున సంచి కట్టరాదు. లోపల చిక్కిన తేమ బయటికి పోజాలదు.

2. లైనరు గల షూలు, ప్యాడ్లు: వీటికి నూనె, గ్రీజు తగులరాదు. నూనె పీల్చిన లైనరు జారును. పైపైన తుడిచినను బాగుపడదు. కాగితములో చుట్టి, సిలికా జెల్ పొట్లముతో మూత గట్టి డబ్బాలో వేరుగా ఉంచవలెను. పొట్లములోని గుళికల రంగు మారినపుడు కొత్తది వేయవలెను. నూనెలో మునిగి పనిచేయు బ్రేకు ప్లేట్ల సంగతి వేరు. వాటికి ట్రాక్టరు పుస్తకములో చెప్పిన పద్ధతిని పాటించవలెను.

3. రబ్బరు వాషర్లు, వీల్ సిలిండర్లు: డాట్ 3, డాట్ 4 జాతి బ్రేకు ఆయిలు వాడు బండ్ల రబ్బరుకు ఇంజను ఆయిలు, గ్రీజు, కిరోసిను తగిలినచో ఉబ్బి పాడగును. ఎండ, వేడి తగులని చోట, కరెంటు మోటారుకు దూరముగా, సాగదీయక, మడువక ఉంచవలెను.

4. బ్రేకు ఆయిలు: ఇది గాలిలోని తేమను పీల్చుకొనును. కొత్త డాట్ 4 ఆయిలు కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గాని మరుగరాదు. తేమ పీల్చిన పిమ్మట ప్రమాణము ప్రకారము ఈ హద్దు 155 డిగ్రీలే. మరిగిన ఆయిలులో ఆవిరి చేరి పెడలు లోపలికి పోవును గాని బండి ఆగదు. మూత తెరచి మిగిల్చిన డబ్బాను మరుసటి ఏటికి దాచరాదు.

వరదలో తడిసినచో

2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో మహబూబాబాదు జిల్లాలో వరదలు వచ్చినవి. కావున పెట్టెను నేలపై గాక ఎత్తైన చెక్కబల్లపై ఉంచవలెను. తడిసిన డ్రమ్మును మంచినీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పూయవచ్చును. బురదనీరు చేరిన లైనర్లు, రబ్బరు భాగములు, బ్రేకు ఆయిలును పారవేయవలెను. ఆ నష్టము కొద్దిపాటిదే.

బిగించుటకు ముందు

కొన్న తేదీని ప్రతి కట్టుపై వ్రాసి, ముందు కొన్నదానిని ముందు వాడవలెను. మే నెలలో ఒకమారు, అక్టోబరులో ఒకమారు చూచుచుండవలెను. డ్రమ్ముపై పలుచని తుప్పు గరుకు కాగితముతో పోవును. గుంటలు పడినచో మెకానిక్కుకు చూపక బిగించరాదు. లైనరుకు, షూ రేకుకు నడుమ తుప్పు చేరి లైనరు లేచినచో ఆ షూ పనికిరాదు. సిలిండరు లోపల గుంటలున్నను అంతే. డ్రమ్ముపై పూసిన నూనెను బ్రేకు క్లీనరుతో గాని, సబ్బునీటితో గాని పూర్తిగా తొలగించి ఆరబెట్టవలెను. కిరోసిను జిడ్డును మిగుల్చును గనుక దానితో కడుగరాదు. షూలను రెండు చక్రములకును ఒకేమారు మార్చి, ఖాళీ బండిని పొలములో మెల్లగా నడిపి, రెండు వైపులును సమముగా పట్టుచున్నవని చూచుకొనిన తరువాతనే రోడ్డు ఎక్కవలెను.