పనిభారమా, మనోభారమా?

ఒక కార్యాలయంలో ఇద్దరు ఉద్యోగులు పక్కపక్క బల్లలవద్ద కూర్చుందురు. ఇరువురి ముందును కాగితాల కట్టలు సమానమే. సాయంకాలానికి ఒకరు అలసటతో ఇల్లు చేరి, భోజనంచేసి సుఖంగా నిద్రింతురు. రెండవవారికి ఆకలి మందగించును, తల నొచ్చును, అర్ధరాత్రి దాటినను కన్ను మూతపడదు. అలసట వేరు, ఒత్తిడి వేరు.

నిజానికి ఒత్తిడి దేహానికి శత్రువు కాదు. ఆపద ఎదురైనప్పుడు మూత్రపిండాలపై టోపీలవలె అమరియున్న ఎడ్రినల్ గ్రంథులు రక్తంలోనికి రసాలను విడుచును. గుండె వడిగా కొట్టుకొనును. జీర్ణకోశానికి పోవలసిన రక్తం కండరాలకు మళ్ళును. పోరాటానికో, పలాయనానికో జరిగే ఈ సన్నాహాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో వివరించినాడు. పాము కనబడినప్పుడు ఇది ప్రాణరక్షణ. చిక్కేమనగా, పై అధికారి పిలుపు వచ్చినను దేహం ఇదే సన్నాహం చేసుకొనును. అక్కడ పోరాడరాదు, పరుగెత్తరాదు. చేతులు కట్టుకొని నిలువవలసినదే!

ఈ సన్నాహం సడలకున్న ఏమగును? మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే ఎలుకలను చలికి, గాయాలకు, విషద్రవ్యాలకు గురిచేసి, ఫలితాలను 1936లో వెల్లడించినాడు. బాధ ఏదైనను లోపలి మార్పు ఒక్కటే: ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి, కడుపులో పుండ్లు పడినవి. అంతమాత్రాన మనుష్యుల కడుపు పుండ్లన్నిటికి దిగులే కారణమనరాదు. వానిలో అనేకం ఒక సూక్ష్మజీవివలన కలుగునని 1980లలో ఆస్ట్రేలియా వైద్యులు కనుగొన్నారు. కడుపునొప్పికి ధైర్యవచనాలు చాలవు, వైద్యపరీక్ష కావలెను.

ఉద్యోగుల విషయంలో విలువైన సాక్ష్యం లండన్ ప్రభుత్వ కార్యాలయాలలో లభించినది. 1967లో ఆరంభమైన పరిశీలనలో 17 వేలమందికి పైగా పురుషోద్యోగులను పరీక్షించినారు. పెద్ద బాధ్యతలు మోసే అధికారులకే గుండెజబ్బు ఎక్కువని అనేకుల నమ్మకం. తేలినది అందుకు విరుద్ధం. మరణాలు అడుగు అంతస్తులోనే హెచ్చు. పొగత్రాగుడు మొదలైనవి లెక్కలోనికి తీసుకొన్నను ఆ వ్యత్యాసం పూర్తిగా తొలగలేదు. స్త్రీలనుకూడ చేర్చుకొని 1985లో ప్రారంభించిన రెండవ పరిశీలనలో, తన పనిపై తనకు అదుపులేని ఉద్యోగికి గుండెజబ్బు ముప్పు అధికమని కనబడినది. మన ఇద్దరు ఉద్యోగులలో మొదటివారు తమ కాగితాలను తామే వరుస పెట్టుకొందురేమో. రెండవవారి వరుసను గంటగంటకు ఇంకెవరో మార్చుచుందురేమో! ఇల్లాలి స్థితియు ఇట్టిదే. ఆమె పనివేళలను ఇంటిల్లిపాది నిర్ణయింతురు. పండుగనాడు పని రెట్టింపు.

దేహం సన్నాహపడినది గనుక దానికి పని చూపవలెను. అరగంటసేపు వడిగా నడచుట మేలు. ఊపిరి పీల్చినదానికంటె నిదానంగా విడుచుచు ఐదు నిమిషాలు కూర్చున్న గుండె వేగం తగ్గును. సాయంకాలపు కాఫీ మానుట నిద్రకు మంచిది, తెలుగువారికి ఇది కఠినమైన సలహాయే అయినను! వారాల తరబడి నిద్ర కరవైనచో వైద్యుని సంప్రదించవలెను; ఛాతీలో నొప్పి కలిగినచో క్షణమైన జాగు చేయరాదు.

మూడు పనులు ఒక్కసారి మీదపడినప్పుడు "ముందుగా ఏది కావలెను?" అని అడుగుట అవిధేయత కాదు. ఇక అధికారులకు ఒక విన్నపం. గుమాస్తాను ప్రశాంతంగా ఉండుమని బోధించుట సులభం. సాయంత్రం ఐదుగంటలకు "అత్యవసరం" అని వ్రాసి పంపుచున్న కాగితాలలో మరునాటి ఉదయం వరకు ఆగగలిగినవి ఎన్నియో ఒక వారంపాటు లెక్కించి చూడుడు.