గర్భిణికి పెరుగు మంచిదే, కాని రక్తపు పోటుకు మందు కాదు

పాశమైలారం, బొల్లారం కార్ఖానాలకు పోవు కుటుంబములకు పెరుగు పొట్లములలో కొనుట మామూలైనది. సంగారెడ్డి జిల్లా పల్లెలలో బర్రె ఉన్న ఇంట తోడుపెట్టిన పెరుగు, చల్ల ఉండనే ఉన్నవి. ఇప్పుడు మందుల దుకాణములలో మూడవ సరుకొకటి దొరకుచున్నది: మేలుచేయు సూక్ష్మజీవులను ఎండబెట్టి నింపిన ప్రొబయాటిక్ గొట్టపు మాత్ర. దీనిని మ్రింగిన గర్భిణికి బి.పి. రాదనుట ఎంతవరకు నిజము?

గర్భము 20 వారములు నిండిన పిదప రక్తపు పోటు 140/90కి చేరి, మూత్రములో మాంసకృత్తులు పోవుచున్నచో దానిని ప్రీఎక్లాంప్సియా అందురు. అది ముదిరిన మూర్ఛలు వచ్చును. మన పెద్దలు గుర్రపువాతమన్నది దీనినే. తొలిచూలు వారికి, కవలలను మోయువారికి, లోగడ పోటు గాని మధుమేహము గాని ఉన్నవారికి భయమెక్కువ. చిక్కేమనగా, మొదట బాధ ఏమియు తెలియదు.

నార్వేలో 33,399 మంది తొలిచూలు స్త్రీల వివరములు పరిశీలించి 2011లో ప్రకటించిరి. ఈ జీవులు కలిపిన పాలు త్రాగినవారిలో జబ్బు సుమారు ఐదవ వంతు తక్కువగా కనబడెను. కాని ఒకరు ఎరువు వేసిరి, పంట బాగుగా వచ్చెను. అది ఎరువు మహిమయా, నేల మంచిదా? ఈ ప్రశ్న రైతుకు నేర్పనక్కరలేదు. పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ వంటి క్షేత్రములలో ఒకే చెలకను మడులు చేసి, ఏ మడికి ఏది వేయవలెనో చీట్లు తీసినట్లు నిర్ణయించుట అందులకే. గర్భిణులతోను అట్లే పరీక్షలు జరిపిరి. 2021లో కోక్రేన్ సంస్థవారు అటువంటి నాలుగింటిని, మొత్తము 955 మందిని, కలిపి చూడగా మాత్రలు మొదలగు ప్రొబయాటిక్‌లు వాడినవారిలో ప్రీఎక్లాంప్సియా తగ్గకపోగా హెచ్చినది. ఆ పరీక్షలు గర్భిణీ మధుమేహమును ఆపుటకై చేసినవే. అయినను పోటుకని ఈ మాత్ర కొనుట డబ్బు దండుగయే గాక ముప్పు కూడ కావచ్చును.

ఇంటి పెరుగును దీనితో ముడిపెట్టరాదు. అది ఆహారము. బాగుగా కాచిన పాలను తోడుపెట్టి పెరుగు, చల్ల నిశ్చింతగా వాడుకొనవచ్చును. వానిలో మాంసకృత్తులతోపాటు సున్నము, అనగా కాల్షియం, కలదు. అసలు కిటుకు ఇక్కడనే ఉన్నది. తిండిలో సున్నము తక్కువైన చోట్ల కాల్షియం మాత్రలు ఈ జబ్బును తగ్గించునని రుజువైనది. ప్రభుత్వ కార్యక్రమము ప్రకారము 14వ వారము నుండి రోజుకు 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు వేసికొనవలెను. భోజనము చేసిన పిదప వేసికొనవలెను. ఇనుము మాత్రకును దీనికిని రెండు గంటల ఎడముండవలెను. రాగి అంబలియు మేలే; 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నమున్నది. ముప్పు ఎక్కువగల వారికి వైద్యులు తక్కువ మోతాదులో ఆస్పిరిన్‌ను 20 వారములకు ముందే మొదలుపెట్టుదురు. దానిని సొంతముగా వేసికొనరాదు.

కూలి పోవునని పరీక్ష వాయిదా వేయుట మన ప్రాంతపు పాత అలవాటు. దండకు పట్టీ చుట్టి పోటు చూచుటకు రెండు నిమిషములు చాలును. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానాలలో గర్భిణులను వైద్యులు ఉచితముగా పరీక్షించుచున్నారు. ఈలోగా విడువని తలనొప్పి, కండ్లు మసకలు, పైకడుపులో నొప్పి, ముఖము చేతులు హఠాత్తుగా వాచుట కనబడినచో 9వ తేదీకై ఆగక, రాత్రియైనను సరే, 108కి ఫోను చేయవలెను. మూర్ఛలను నివారించు మెగ్నీషియం సల్ఫేట్ సూదిమందు కలదు. అది దవాఖానాకు చేరినవారికే అందును.