బాల్ జాయింట్‌లో 1 మిల్లీమీటరు ప్లే (వదులు) వస్తే టైరుకు ఏమవుతుంది?

ఖానాపూర్ నుంచి మామడ మీదుగా నిర్మల్‌కు పోయినా, కడెం, జన్నారం దాటి మంచిర్యాలకు పోయినా, అడవి దారిన ఉట్నూరుకు పోయినా కారు ముందు చక్రాలకు పరీక్షే. వానలకు పడ్డ గుంతలు, నాట్ల కాలంలో కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కే ట్రాక్టర్లు చేసే గాట్లు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. ఈ దెబ్బలు తినే వాటిలో ఒకటి చక్రం వెనక కనపడకుండా ఉండే చిన్న ఉక్కు గుండు, అదే బాల్ జాయింట్. ముందు టైరు ఒక అంచునే అరుగుతుంటే చాలామంది కొత్త టైరు కొంటారు, లేదంటే అలైన్‌మెంట్ చేయిస్తారు. బాల్ జాయింట్ చూడకుండా ఆ రెండూ చేస్తే డబ్బు దండగే.

ఎన్ని ఉంటాయి?

స్విఫ్ట్, ఆల్టో లాంటి చిన్న కార్లకు ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉంటుంది. లోయర్ ఆర్మ్ చివర చక్రానికొకటి చొప్పున మొత్తం 2 బాల్ జాయింట్లు. ఇన్నోవా క్రిస్టా లాంటి డబుల్ విష్‌బోన్ బండ్లకు పైన, కింద కలిపి 4. ఇవి కాక స్టీరింగ్ వైపు 2 టై రాడ్ ఎండ్లు, 2 రాక్ ఎండ్లు కూడా ఇదే తీరున పనిచేస్తాయి.

మన తుంటి కీలు లాగే గిన్నెలో గుండు. చక్రం పైకీ కిందికీ ఆడాలి, పక్కకూ తిరగాలి కాబట్టి ఈ ఏర్పాటు. లోపల గ్రీజు, పైన రబ్బరు బూటు. బూటు చిరిగిందంటే నీళ్లు, దుమ్ము లోపలికి దూరి గ్రీజును పాడుచేస్తాయి. గుండు అరిగి, గిన్నె వదులవుతుంది.

బ్రేకరు లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాని మీదికి ఎక్కితే చక్రం 10 సెంటీమీటర్లు లేవడానికి సుమారు 0.27 సెకను పడుతుంది. అదే ఎత్తును 60 సెంటీమీటర్ల వెడల్పులో కుప్పగా పోశారనుకోండి. అదే వేగంలో చక్రం 0.04 సెకనులోనే అంత ఎత్తుకు ఎగరాలి. అంటే ఆరింతల వేగం. మొదటి బ్రేకరు కారును లేపుతుంది, రెండోది గుద్దుతుంది. ఆ గుద్దు బాల్ జాయింట్‌కూ తగులుతుంది.

ఒక్క మిల్లీమీటరు

స్టీరింగ్ ఆర్మ్ పొడవు 12 సెంటీమీటర్లు అనుకుందాం. బాల్ జాయింట్ పక్కకు 1 మిల్లీమీటరు జరిగితే చక్రం దిశ 120లో ఒక వంతు, దాదాపు అర డిగ్రీ, తప్పుతుంది. ఆ వంకరతో కిలోమీటరు నడిస్తే టైరు 8 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుపోయినట్టే. అంచు అరగడానికి కారణం ఇదే. ఆ వదులు అలా ఉండగా చేసిన అలైన్‌మెంట్ తర్వాతి గుంత దాకానే.

ఎలా పట్టుకోవాలి?

గుంతలో, బ్రేకరు మీద ‘కట్ కట్’ శబ్దం, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం, ఒక అంచునే టైరు అరగడం. ఇవి తొలి సూచనలు. లింక్ రాడ్, ఆర్మ్ బుష్ పోయినా దాదాపు ఇవే కనిపిస్తాయి కాబట్టి చేత్తో పట్టి చూడాల్సిందే.

సమతలం మీద హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి. మెక్‌ఫర్సన్ బండికైతే ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం వేలాడనివ్వాలి. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద కూర్చునే బండికైతే జాకీ ఆ ఆర్మ్ కిందే, చక్రానికి దగ్గరగా పెట్టాలి. లేకుంటే స్ప్రింగు బిగువుకు వదులు బయటపడదు. కింద స్టాండు పెట్టకుండా జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు.

గడియారంలో 12, 6 అంకెలుండే చోట చక్రాన్ని పట్టి ఊపండి. కదిలితే బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగిపోతే బేరింగు, ఆగకపోతే అనుమానం బాల్ జాయింట్ మీదే. 3, 9 దగ్గర ఊగితే టై రాడ్ వైపు చూడాలి. చివరగా ఆర్మ్‌కూ, చక్రాన్ని మోసే నకిల్‌కూ మధ్య పొడుగు రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తితే, జాయింట్ దగ్గర కదలిక కంటికే కనిపిస్తుంది. ఎంత ప్లే వరకు ఫర్వాలేదో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది.

మార్చేటప్పుడు

కొన్ని బండ్లకు జాయింట్ విడిగా దొరుకుతుంది, కొన్నింటికి లోయర్ ఆర్మ్‌తో కలిపే వస్తుంది. పాతది ఊడదీసేటప్పుడు గుండుకుండే మర కాడ (స్టడ్) చివర సుత్తితో కొట్టొద్దు, మర చెడుతుంది. పుల్లరు వాడాలి. నట్టుకు స్ప్లిట్ పిన్ ఉంటే ప్రతిసారీ కొత్తదే వేయాలి.

బిగింపు కూడా లెక్కే. మాన్యువల్‌లో 60 న్యూటన్ మీటర్లు అని ఉందనుకుందాం. 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు 20 కిలోల బరువు వేస్తే అంత బిగుస్తుంది. అంచనాతో కాకుండా టార్క్ రెంచితో బిగించమని అడగండి. ఆర్మ్ విప్పి ఉంటే, దాని బుష్ బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరిగా బిగించాలి. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. ఒకవైపు పోతే రెండోవైపూ తప్పక చూడాలి. అన్నీ అయ్యాకే అలైన్‌మెంట్.

బూటు మాత్రమే చిరిగి ప్లే లేకుంటే వర్క్‌షాపు దాకా మెల్లగా తీసుకెళ్లొచ్చు. వదులు చేతికి తెలిసేంత ఉంటే మాత్రం ప్రయాణం మానుకోండి. స్టడ్ గిన్నెలోంచి ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, స్టీరింగ్ మీ మాట వినదు. వానాకాలానికి ముందు ఒకసారి, దసరా ప్రయాణాలకు ముందు ఒకసారి చక్రం లేపి ఊపి చూడమని మీ మెకానిక్‌కు చెప్పండి.