కొక్కెర తెగులు – కోడి కణములోని కత్తెర

పెరటికోళ్లను తుడిచిపెట్టు కొక్కెర తెగులును మనమందరము ఎరుగుదుము. 1926లో జావాలోను, ఇంగ్లండునందలి న్యూకాసిల్‌లోను బయటపడిన ఈ వ్యాధిని మన దేశమున రాణీఖేత్ వ్యాధి యందురు. దీని వైరసు తన ప్రోటీనుల తయారీకి కోడి కణములోని రైబోసోములనే వాడుకొనును. అంతటితో తీరదు. క్రొత్త వైరసు పైపొరయందలి ‘ఎఫ్’ ప్రోటీను రెండుగా తెగినగాని అది మరొక కణమున చొరజాలదు; ఆ కోయు కత్తెరయు కోడిదే!

సాధురకముల ప్రోటీనును కోయు ఎంజైములు ముఖ్యముగా శ్వాసనాళమునందును ప్రేగులయందును ఉండును. ఉగ్రరకముల ప్రోటీనునైతే, దాదాపు అన్ని కణములందును ఉండు ఫ్యూరిన్ అను ఎంజైమే కోసివేయును. కనుకనే అవి మెదడువరకు ప్రాకగా కోడి మెడ మెలిపడును. ఇంత భేదమునకును మూలము కోతచోటనున్న కొలది అమైనో ఆమ్లములే యన్న నమ్మశక్యము కాదు.

తెగులు సోకిన పిదప మందు లేదు. ముందుగా మనము కోడిపిల్లల కంటిలోనో ముక్కులోనో వేయించు లసోటా టీకాచుక్కలయందున్నది సజీవమైన సాధురకపు వైరసే.