ఋతువున కొక పుస్తకముల మూట

దుక్కికి ఒక అదను, విత్తుటకు ఒక అదను, కోతకు ఒక అదను ఉన్నట్లే చదువునకును ఒక అదను కలదని మన పెద్దలు ఎరుగుదురు. నాట్లు ముగిసిన పిమ్మట రచ్చబండ మీదనో, రామమందిరములోనో దీపము పెట్టి ఒకరు పద్యము చదువగా వేరొకరు అర్థము చెప్పెడివారు. ఊరివారు చుట్టును కూర్చుండి వినెడివారు. అక్షరము రానివారును ఆ విధముగా భారత భాగవతములను తమ సొంతము చేసికొనిరి. కథ ముందు ఏమగునో అందరకు తెలిసినదే. అయినను ఏటేట అదే గ్రంథమును మరల వినిరి. ఎరిగిన కథను పదిమందితో కలిసి మరల వినుటలోని లాభమును వారికి ఎవరును వేరుగా బోధింపవలసిన అవసరము లేకపోయెను.

ఆ అలవాటు నేడు అనేక గ్రామములలో సన్నగిల్లినది. దానిని నేటి పరిస్థితులకు తగినట్లు మరల నెలకొల్పుటకు పంచాయతీ సభ్యులు ఏమి చేయవచ్చునో ఇచ్చట వివరింపదలచితిమి.

పంచాయతీకి గల బాధ్యత

“గ్రంథాలయము మన పని కాదు, అది వేరొక శాఖవారిది” అని కొందరు సభ్యులు అనగా మేము వినియున్నాము. ఇది పొరబాటు. 1993 ఏప్రిల్ 24వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందు 20వ విషయము గ్రంథాలయములే.

ఇంతకంటె ముందే, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ఇంటి పన్నుపై గ్రంథాలయ పన్నును విధించినది. రూపాయికి 8 పైసల చొప్పున ఈ పన్నును వసూలు చేయునది స్థానిక సంస్థ. అది చేరవలసినది జిల్లా గ్రంథాలయ సంస్థకు. ఒక ఇంటికి పన్ను 500 రూపాయలైనచో గ్రంథాలయ పన్ను 40 రూపాయలగును. అట్టి ఇండ్లు 400 ఉన్న గ్రామములో ఏడాదికి 16,000 రూపాయలగును. పుస్తకము ముట్టనివాడును ఈ సొమ్ము చెల్లించుచున్నాడు. ఇది ఇతర ఖర్చులకు వాడుకొనదగిన సొమ్ము కాదు. వసూలైన పన్ను సకాలమున గ్రంథాలయ సంస్థకు చేరనిచో క్రొత్త పుస్తకములకును, పత్రికలకును కొరత ఏర్పడును. మీ పంచాయతీ నుండి ఎంత చేరినది, ఎంత చేరవలసియున్నది అని సభలో అడిగి తెలిసికొనుట ప్రతి సభ్యుని విధి.

పెద్దలు వేసిన బాట

పుస్తకము పాఠకుని వద్దకు నడచి పోవలెనను భావము మనకు క్రొత్తది కాదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారి కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. 1935లో పాతూరి నాగభూషణము గారు పడవలో పుస్తకములు పేర్చి కృష్ణా డెల్టా కాలువల వెంట నున్న గ్రామములకు చేర్చిరి. తెలంగాణమున వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను స్వయముగా మోసికొని ఊరూరు తిరిగిరి. వారికి గొప్ప భవనములు లేవు. పుస్తకము ఒకచోట నిలిచిపోరాదను పట్టుదల మాత్రము కలదు.

ఇందుకు విరుద్ధమైన స్థితిని మేము ఒక గ్రామములో చూచితిమి. అచ్చట ఒక బీరువా నిండ పుస్తకములు కలవు. తాళపుచెవి పట్నములో నివసించు ఒకరి వద్ద నున్నది. “పుస్తకములు భద్రముగా నున్నవి” అని ఒక సభ్యుడు మాతో చెప్పెను. తాళపుచెవి తెప్పించి తెరచి చూడగా క్రింది వరుసను చెదలు తినివేసియుండెను. పదవ తరగతి ముగించిన ఒక బాలిక ఆ సమయమున అచ్చటికి వచ్చి, చదువుకొనుటకు ఒక పుస్తకము ఇప్పింపుమని అడిగెను. ఇన్ని నాళ్లుగా ఆ పుస్తకములు చెదలకు అందినవే గాని ఆ బాలికకు అందలేదు.

మూట కట్టు విధానము

మేము సూచించు పద్ధతికి ఖర్చు స్వల్పము. ఏడాదికి మూడు మూటలు చాలును. వేసవి సెలవులలో పిల్లల కొరకు ఒకటి. నాట్లు ముగిసి పని కొంత తెరపిచ్చినపుడు ఒకటి. వానకారు కోతలైన పిదప సంక్రాంతికి ఒకటి. సార్వా, దాళ్వా పండించు ఊళ్లలోను, వానాకాలము, యాసంగి అని పిలుచు ఊళ్లలోను పనుల తీరిక ఒకే విధముగా ఉండదు. కనుక నెలలను గ్రామస్థులే నిర్ణయించుకొనవలెను.

చదువుకొను ప్రతి కుటుంబము తాము చదివి మెచ్చిన పుస్తకములు రెండేసి తేవలెను. పదిహేను కుటుంబములు కలసినచో ముప్పది పుస్తకములగును. శాఖా గ్రంథాలయమున్నచో అచ్చటి నుండి మరికొన్ని తీసికొనవచ్చును. కథలు, జీవిత చరిత్రలు, సేద్యము, ఆరోగ్యము, పిల్లల పుస్తకములు అన్నియు మూటలో ఉండవలెను. ప్రతి పుస్తకములో ఒక చీటి ఉంచి, చదివినవారు తమకు ఏది నచ్చినదో ఒక వాక్యము వ్రాయవలెను. తరువాత చదువువారికి అదియే పిలుపు. మూట ఒక్కొక్క పేటలో పదునైదు దినముల చొప్పున ఉండి ముందునకు సాగవలెను.

తెచ్చినవారి పేరు, తీసికొన్నవారి పేరు ఒక నోటుపుస్తకములో వ్రాసినచో తగవులుండవు. పోయిన పుస్తకమునకు బదులు మరియొకటి ఇప్పించవలెను గాని, పిల్లలపై జరిమానా వేయరాదు. జరిమానాకు జడిసిన బాలుడు మరల పుస్తకము ముట్టడు. వానాకాలములో పుస్తకములను తేమ తగలని చోట, గోడకు ఆనకుండ ఉంచి, ఎండిన వేపాకు వేయుట మంచిది.

మరల చదువుటలోని మేలు

క్రొత్త పుస్తకములతో పాటు ప్రతి ఋతువునందును అందరును మెచ్చిన పాత పుస్తకము నొకదానిని కలసి మరల చదువవలెను. చదివినదానిని మరల చదువుట కాలహరణమని కొందరు తలంతురు. పుస్తకము మారకపోయినను చదువువాడు మారునని వారు గుర్తింపరు. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కము 1897లో వెలువడి, 1909లో పెంపొందింపబడినది. పదునెనిమిదేండ్ల యువకుడు గిరీశము మాటలకు నవ్వుకొనును. అతడే ఇద్దరు ఆడపిల్లలకు తండ్రియైన పిదప చదివినచో బుచ్చమ్మ, సుబ్బి అను పిల్లల గతి అతని మనస్సును కలచివేయును. ఆ యువకుడును, ఆ తండ్రియు ఒకే చాపపై కూర్చుండి చదివినపుడు ఒకరికి కనబడినది వేరొకరికి తెలియును. ఒంటరి చదువునకు లేని లాభమిదియే.

1922లో ప్రచురితమైన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లియు ఇట్లే కలసి చదువదగినది. అయితే దానిని ఏ చోట చదువుదురను ప్రశ్న కలదు. ఊరిలోని ఒక పెద్ద ఇంటి అరుగుపై చదివినచో ఎవరి కొరకు ఆ పుస్తకము వ్రాయబడెనో వారే వాకిట నిలువవలసి రావచ్చును. కనుక చదువు కూటమి బడిలోనో, పంచాయతీ కార్యాలయములోనో, అందరును సమానముగా కూర్చుండగల చోట జరుగవలెను. స్త్రీలు రాగల వేళ ఏదియో వారినే అడిగి నిర్ణయింపవలెను. రాత్రి ఎనిమిది గంటలకు కూటమి పెట్టి, స్త్రీలకు చదువుపై ఆసక్తి లేదనుట న్యాయము కాదు. చూపు మందగించిన వృద్ధులకును, ఇటీవల అక్షరములు నేర్చినవారికిని పిల్లలచే చదివించి వినిపింపవలెను. అందువలన పిల్లల ఉచ్చారణ చక్కబడును. పెద్దలకు పొద్దు గడచును.

నేడు ఫోనులో కథలును, పుస్తకములును దొరకుచున్నవి. వానిని వలదనము. ఫోనులో దొరకిన మంచి కథను కూటమిలో చదివి వినిపింపవచ్చును. పదిమంది విన్నపుడే అది ఊరి సొత్తగును.

సభ్యులు చేయవలసినవి

రాబోవు పంచాయతీ సమావేశములో నాలుగు విషయములు చర్చింపుడు. గ్రంథాలయ పన్ను లెక్క చూడుడు. బీరువా తాళపుచెవి ఊరిలోనే ఉండునట్లు చేయుడు. మూట బాధ్యతను ఉత్సాహము గల ఇద్దరు యువతీ యువకులకు అప్పగింపుడు. కూటమికి చోటును, వేళను నిర్ణయింపుడు. ఏటేట నవంబరు 14 నుండి 20 వరకు జరుగు జాతీయ గ్రంథాలయ వారోత్సవములు మొదటి మూట విప్పుటకు తగిన సమయము. ఆనాడు సభ్యులును తాము చదివిన పుస్తకము నొక్కొక్కటి చేతపట్టుకొని వచ్చినచో, ఇతరులకు వేరుగా చెప్పవలసిన పని ఉండదు.