తెరిచి ఉంచిన పుట, వెతికితే దొరికే పుట: వక్తల పట్టికలు – శోధన యంత్రాల సూచీకరణ

కీలకపదాలు: క్షేత్రపరిశోధన, వక్తలు, శోధన యంత్రం, సూచీకరణ, నోఇండెక్స్, శోధగంగ

ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో వృత్తిపదాలు సేకరించే పరిశోధకులు సిద్ధాంతగ్రంథం చివర వక్తల పట్టికను అనుబంధంగా చేర్చడం పరిపాటి. పేరు, వయస్సు, కులం, చదువు, గ్రామం అందులో ఉంటాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (1962) వెలువడిన నాళ్ళలో ఇటువంటి పట్టికను చూడాలంటే విశ్వవిద్యాలయ గ్రంథాలయం దాకా వెళ్ళవలసిందే. యు.జి.సి. 2009 నిబంధనల తరువాత సిద్ధాంతగ్రంథాలు శోధగంగలో అధ్యాయాలవారీగా పి.డి.ఎఫ్. ప్రతులుగా చేరుతున్నాయి. పట్టిక మారలేదు, దానిని చేరే దారి మారింది.

శోధన యంత్రం చేసే పనులు

శోధన యంత్రం పుటను చదవడం, సూచిలో చేర్చడం, అందులోని లంకెల వెంట వెళ్ళడం వేర్వేరు పనులు. వీటిని ఒకటిగా భావించడమే గందరగోళానికి మూలం. మార్టిన్ కోస్టర్ 1994లో ప్రతిపాదించిన రోబోట్స్.టిఎక్స్‌టి మొదటి పనికి సంబంధించినది. చేను గట్టున పెట్టిన ‘లోనికి రావద్దు’ బోర్డు వంటిదది, మర్యాదస్తులే పాటిస్తారు. 2022లో దానిని ప్రమాణంగా స్థిరపరచిన ఆర్.ఎఫ్.సి. 9309 కూడా అది ప్రవేశాన్ని నియంత్రించే సాధనం కాదని స్పష్టం చేసింది.

నోఇండెక్స్ రెండవ పనికి చెందినది. ఆ ఆదేశం పుటలోనే ఉంటుంది. కనుక యంత్రం పుటను తెరిస్తేనే దానికి కనబడుతుంది. అతిజాగ్రత్తతో రెండింటినీ కలిపి పెడితే ఫలితం తారుమారవుతుంది: రోబోట్స్.టిఎక్స్‌టి వాకిట్లోనే ఆపడంతో లోపలి నోఇండెక్స్‌ను యంత్రం చదవదు. వేరొకచోటి లంకె ద్వారా చిరునామా తెలిస్తే, సారాంశం లేకుండానైనా దానిని ఫలితాల్లో చూపవచ్చు. రోబోట్స్.టిఎక్స్‌టిలోనే నోఇండెక్స్ అని రాసే పద్ధతిని గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి పూర్తిగా విడిచిపెట్టింది. 2005లో వచ్చిన నోఫాలో లంకెకే పరిమితం; లంకె చేరే పుటను అది దాచలేదు. పి.డి.ఎఫ్.లో ఈ ఆదేశాలు రాసే చోటు ఉండదు గనుక సర్వరే ఎక్స్-రోబోట్స్-ట్యాగ్‌ను పంపాలి. శోధగంగ సర్వర్ పరిశోధకుని చేతిలో ఉండదు.

పాత అను ఫాంట్లలో కూర్చిన ప్రతులు తెలుగు అక్షరాలతో వెతికితే సాధారణంగా దొరకవు. అది ఎవరూ కోరని నోఇండెక్స్. దానిని రక్షణగా భావించరాదు. యూనికోడ్‌లోకి మార్చిన రోజున పేర్లన్నీ బయటపడతాయి.

ఆంధ్రప్రదేశ్ అనుభవం

ఉపాధి హామీ చట్టం (2005) 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యతను అప్పగించింది. ఆ తనిఖీలో ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది. ఎవరికి ఎన్ని రోజుల కూలి ముట్టిందో ఊరందరి ముందు చదవడమే దాని బలం. కాని, బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మే 1న ప్రకటించిన నివేదిక నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో ఆధార్ సంఖ్యలు బాహాటంగా ఉన్నాయని చూపింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపుల పోర్టల్, చంద్రన్న బీమా. నాలుగింటిలో కలిపి దాదాపు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయటపడి ఉండవచ్చని ఆ నివేదిక అంచనా. ఆధార్ సంఖ్య వంటిదానికి నోఇండెక్స్ చాలదు, అసలు ప్రచురించరాదు. ఊరివారు తనిఖీ చేయవలసిన కూలి లెక్క వేరు. అది తెరిచి ఉండాలి, అయితే ఎక్కడో ఉన్న అపరిచితుడు పేరు కొట్టగానే ఎదుట పడనక్కరలేదు. నోఇండెక్స్‌కు తగిన తావు అదే.

పరిశోధకుని బాధ్యత

సర్వర్ మన చేతిలో లేనప్పుడు నిర్ణయం రాతలోనే జరగాలి. మిరప కోత కూలీల పదాలను ‘వక్త 1, స్త్రీ, 45’ అని ఉదాహరిస్తే భాషాశాస్త్రానికి వచ్చే లోటు లేదు. అసలు పేర్ల పట్టికను పర్యవేక్షకుల వద్ద భద్రపరచవచ్చు. అప్పు, కూలి తగాదా, వలస ప్రస్తావనలున్న సంభాషణలకు ఇది మరీ అవసరం. ‘మీ పేరు పుస్తకంలో వేస్తామమ్మా’ అని అడిగి పొందిన అనుమతి, ఫోనులో ఆమె పేరు కొడితే ఆ సంభాషణ కనబడడానికి ఇచ్చిన అనుమతి కాదు.

ఈ నియమం అందరికీ వర్తించదు. వీరగాథ పాడిన కళాకారుని పేరును ‘వక్త 7’గా కుదిస్తే ఆయన కృషిని దొంగిలించినట్టే. ఆయన పేరు పూర్తిగా, యూనికోడ్‌లో, వెతికితే దొరికేలా ఉండాలి. అదీ ఆయనను అడిగాకే.